పదకొండో పేజీలో చుక్కదూడ

బొమ్మల కథల పుస్తకంలోని చుక్కదూడ సోమవారం పొద్దున పదకొండో పేజీలోంచి దిగి, వేమగిరిపాలెం శాఖా గ్రంథాలయంలో అధికారి సులోచన బల్ల ముందు నిలబడి, తనను రద్దు చేయవద్దని అర్జీ పెట్టుకుంది. నుదుట తెల్లచుక్క ఉన్న గేదెదూడ అది. వానలో తప్పిపోయి అమ్మను వెతుక్కోవడం దాని కథ. సులోచన ఆశ్చర్యపోలేదు. నిరుడు అట్లాసులోంచి సముద్రం కారినప్పుడు కూడా బకెట్ పెట్టి, రిజిస్టరులో రాసి ఊరుకుంది. దూడ తడిసి ఉంది కాబట్టి గోనెపట్టా పరిచి, దాని మీద నిలబడమంది.

నిబంధన చిన్నదే. మూడేళ్ళుగా ఎవరూ తీసుకెళ్ళని పుస్తకాన్ని రద్దు చేసి కాగితాల మిల్లుకు పంపాలి. లారీ వచ్చే సోమవారం వస్తుంది. ఈలోగా పద్నాలుగేళ్ళ లోపు పిల్లలెవరైనా చదివి సంతకం పెడితే ఆపుతారు.

"మాయమ్మ ఆకరి పేజీలో ఉందండి," అంది దూడ. "ఎవరో ఒకరు చదివితేగానీ నాను పేజీ దాటలేను. నాలుగేళ్ళయింది, ఆ వానలోనే ఉన్నాను."

"నేను చదువుతాలే తల్లీ."

"మీకు కత తెలుసు కదండీ. తెలిసినోళ్ళు చదివితే నాను కదల్లేను."

అదీ నిజమే అయింది. సులోచన అన్నం మానేసి రెండుసార్లు చదివినా దూడ కాలు కూడా కదపలేదు. హాలు నిండా జనమే గానీ అందరూ ఉద్యోగ పరీక్షలకు చదువుకునే మీసాలవాళ్ళు. పిల్లలు ఆ మెట్లెక్కి ఎన్నాళ్ళయిందో!

పుస్తకం వెనక చీటీ తిప్పి చూస్తే ఆఖరి సంతకం మృదులది. సులోచన కూతురే. ఆ రోజు సరిగ్గా పదకొండో పేజీ దగ్గర, ట్యూషన్‌కు టైమైందని కూతురి చేతిలోంచి పుస్తకం లాక్కున్నది సులోచనే. పరీక్షలయ్యాక చదువుదువుగాని అంటూ, ఈలోగా ఎవరూ చింపకుండా అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసిందీ తనే. ఆ పరీక్షలు ఇంకా అవలేదు. తాళంచెవి ఆవిడ కొంగునే ఉంది, ఇంకెవరు తీస్తారు పాపం?

ఆదివారం దూడకు బస్సులో హాఫ్ టికెట్టు తీసుకుని మృదుల చదివే రెసిడెన్షియల్ స్కూలుకు వెళ్ళింది. మృదులకు పదమూడేళ్ళు, నిబంధనకు సరిపోతుంది. వార్డెనమ్మ పది నిమిషాలిచ్చింది. మృదుల పుస్తకం అటూ ఇటూ తిప్పి, ఇందులోంచి ఎన్ని మార్కులకొస్తుందని అడిగింది. ఏమీ రాదని చెబితే మూసి, భద్రంగా తిరిగి ఇచ్చేసింది.

"దూడకు వాళ్ళమ్మ దొరికిందో లేదో తెలుసుకోవాలని లేదా నీకు?"

"పరీక్షలయ్యాక చదువుతానమ్మా."

సులోచనకు ఏడుపు ఆగలేదు. ఆ మాట ఎవరు నేర్పారని అడగడానికి కూడా లేదు. ఇంతలో గంట కొట్టారు.

వార్డెనమ్మ మంచి మనిషే. మిల్లు సంగతి విని నొచ్చుకుని, అప్పటికప్పుడు దరఖాస్తు ఫారం ఇచ్చింది. అమ్మ కోసం ఎదురుచూడటంలో నాలుగేళ్ళ అనుభవం ఉంది కాబట్టి దూడకు ప్రవేశ పరీక్ష కూడా అక్కర్లేదంది.

సోమవారం లారీ వచ్చి పుస్తకాన్ని మిల్లుకు తీసుకెళ్ళింది. ఇప్పుడు చుక్కదూడ యూనిఫారం వేసుకుని వరసలో మృదుల వెనక నిలబడుతుంది. నెలకో ఆదివారం సులోచన జంతికలూ, తవుడూ పట్టుకెళ్తుంది. మొదట్లో గేటు తెరవగానే దూడ పరిగెత్తుకొచ్చి ఆవిడ చీర నాకేది. ఈమధ్య అదీ మృదులలాగే, పేరు పిలిచేదాకా కదలకుండా నిలబడుతోంది. బాగా అలవాటుపడిందని వార్డెనమ్మ మెచ్చుకుంది.