సున్నా డబ్బా మహిమ

డైట్ సోడా ఒంటికి చేటు అనేవాళ్లతో నేను మాటలు మానేశాను. మీరూ మానేయండి!

కాస్త ఆలోచించండి. ఆ డబ్బా మీద ఏం రాసి ఉంటుంది? సున్నా. చక్కెర సున్నా, కొవ్వు సున్నా, క్యాలరీలు సున్నా. ఇంత పెద్ద లోకంలో తన గురించి తాను సున్నా అని చెప్పుకునేవాడు ఒక్కడైనా ఉన్నాడా? ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవాడు చెప్పుకుంటాడా? ఓట్లడగడానికి వచ్చినవాడు చెప్పుకుంటాడా? అంతటి వినయం ఆ రేకు డబ్బా ఒక్కదానికే ఉంది. అలాంటిదాన్ని పట్టుకుని 'ఆకలి పెంచుతుంది', 'బరువు తగ్గనివ్వదు' అని ఆడిపోసుకుంటారా? నోరు లేనిది కదా అని ఎన్నైనా అంటారు!

నా మాట మీద నమ్మకం కుదరకపోతే పైవాడి సంగతి వినండి.

పైవాడంటే దేవుడు కాదు. ఇరవై అంతస్తుల భవనం కడుతున్న చోట టవర్ క్రేన్ నడిపే ఆపరేటరు. రెండు వందల పన్నెండు మెట్ల ఇనప నిచ్చెనెక్కి, అద్దాల గదిలో కూర్చుని, ఇనప చువ్వల కట్టలనీ సిమెంటు తొట్లనీ గాల్లో తిప్పుతూ ఉంటాడు. కింద ఎవరు పని ఎగ్గొట్టి సిగరెట్ కాలుస్తున్నా ఆయన కంట పడకుండా పోదు కాబట్టి సైటులో అందరూ ఆయన్ని 'పైవాడు' అంటారు. పందొమ్మిదేళ్లుగా అదే పని. కింద నేల మీద ఆయనకి ఊపిరాడదు. ఆ మాట ఆయనే ఇంట్లో చాలాసార్లు అన్నాడు.

అలాంటివాడి నెత్తిన ఒకరోజు పిడుగు పడింది. సేఫ్టీ ఆఫీసరు బరువు తూచే మిషను ఒకటి పట్టుకొచ్చాడు. నిచ్చెనెక్కేటప్పుడు ఒంటికి కట్టుకునే బెల్టు వంద కిలోల వరకే ఆగుతుందట. బూట్లతో సహా అందరినీ ఎక్కించి తూచాడు. పైవాడు నూట మూడు తూగాడు.

"మూడు నెలలు టైమిస్తున్నా. వంద లోపుకి రండి" అన్నాడు ఆఫీసరు.

"రాకపోతే?"

"గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. వచ్చేపోయే లారీల నంబర్లు రాసుకుందురు గాని."

ఆ కుర్చీ పైవాడికి బాగా తెలుసు. రోజూ పైనుంచి దాన్ని చూస్తూనే ఉన్నాడు. అది అగ్గిపుల్లంత కనిపిస్తుంది. అందులో కూర్చున్నవాడు ఇంకా చిన్నగా కనిపిస్తాడు.

కంపెనీ మాత్రం చేతులు ముడుచుకుని కూర్చుందా? కూర్చోలేదు! సిబ్బంది ఆరోగ్యమే మా భాగ్యం అంటూ క్యాంటీన్‌లో ఒక ఫ్రిజ్ పెట్టించింది. దాని నిండా డైట్ సోడా. ఎవరైనా తాగొచ్చు, ఎన్నైనా తాగొచ్చు, అంతా ఉచితం. ఆ ఫ్రిజ్ పక్కనే ఆరడుగుల మంచినీళ్ల కూలర్ ఒకటుంది. ఎనిమిది నెలల క్రితం అది కన్నుమూసింది. దాని మీద 'మరమ్మతులో ఉంది' అని కాగితం అంటించారు. ఆ కాగితం పసుపెక్కి చిరిగిపోతే కొత్తది అంటించారు. అంటే మరమ్మతు జరగలేదని ఎవరూ అనకూడదు, కాగితానికి జరిగింది.

పైవాడు ఇంటినుంచి తెచ్చుకునే నీళ్ల సీసా పదకొండింటికల్లా అయిపోయేది. పైన అద్దాల గదిలో ఎండ మండిపోతుంది. ఆయన ఫ్రిజ్ తలుపు తీసి, నాలుగు డబ్బాలు సంచిలో వేసుకుని పైకెక్కాడు. మొదటి డబ్బా తెరిచి, దాని మీద రాసిన సున్నాలన్నీ చదివి, మురిసిపోయాడు. మూడు కిలోలేం లెక్క అనుకున్నాడు.

ఇక్కడ మీకు క్రేన్ గురించి ఒక్క ముక్క చెప్పాలి. టవర్ క్రేన్‌కి రెండు చేతులుంటాయి. పొడుగు చెయ్యి బరువెత్తుతుంది. వెనకనున్న పొట్టి చేతికి కాంక్రీటు దిమ్మలు వేలాడతాయి. ముందు ఎత్తే బరువుకి వెనక దిమ్మలు సరితూగుతాయి కాబట్టే క్రేన్ పక్కకి ఒరగకుండా నిలబడుతుంది. పందొమ్మిదేళ్లు ఆ రెండు చేతుల మధ్య కూర్చున్న మనిషికి ప్రపంచమంతా క్రేన్‌లాగే కనిపించడంలో వింతేముంది?

"నువ్వు కంగారు పడకు" అన్నాడు ఇంటికొచ్చి భార్యతో, వేయించిన కోడిముక్కల పొట్లం విప్పుతూ. "ఇటు ఇది తింటాను. అటు డైట్ డబ్బా తాగుతాను. దానికీ దీనికీ చెల్లు."

ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. నోట్లో గుండుసూదులుండటం వల్ల ఆ పూట ఏమీ అనలేకపోయింది.

ఇక చూడండి సిద్ధాంతం మహిమ! పొద్దున ఒక డబ్బా, దానికి జతగా రెండు క్రీమ్ బన్నులు. మధ్యాహ్నం అన్నం క్యారేజీ తాడుకి కట్టి పైకి పంపేవాళ్లు, దాంతో ఒక డబ్బా, అది తాగిన ధైర్యంతో పెద్ద చిప్స్ ప్యాకెట్టు. నాలుగింటికి ఇంకో డబ్బా, కాబట్టి కేకు. అంతకుముందు పైవాడు కేకు తింటే మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకునేది. ఇప్పుడు ఆ ముల్లు కూడా లేదు. డైట్‌లో ఉన్నవాడికి భయమేమిటి? మనశ్శాంతిని ఇంత చవగ్గా ఇచ్చే వస్తువు ఇంకోటుంటే చూపించండి!

నెల తిరిగేసరికి మిషనెక్కాడు. నూట అయిదు.

దిగి మళ్లీ ఎక్కాడు. మిషన్ని ఇంకో మూలకి జరిపి ఎక్కాడు. నూట అయిదే. గేటు దగ్గరి కుర్చీ ఒక్కసారిగా పెద్దదై కళ్లముందుకొచ్చి నిలబడింది.

ఆ ఆదివారం బావమరిది వచ్చాడు. ఆయన సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. అందుకని ఫోన్లో వచ్చేదంతా వైద్యశాస్త్రమే అని గట్టి నమ్మకం.

"నేను ముందే చెప్పానా బావా? ఆ డబ్బా విషం! అందులో ఉన్నది దొంగ తీపి. అది లోపలికెళ్లి, ఊళ్లో ఉన్న కొవ్వునంతా పిలిచి నీ నడుము చుట్టూ కూర్చోబెడుతుంది. వీడియో పంపిస్తా చూడు." ఈ మాట చెప్పడానికి ఆయనకి మూడు క్రీమ్ బన్నులు పట్టాయి.

పైవాడు నిజంగానే బెదిరిపోయాడు. మర్నాడు సైటులో ప్రథమ చికిత్స గదికెళ్లి నర్సమ్మ ముందు కూర్చున్నాడు.

"ఆ సోడా వల్లే పెరిగానంటారా అమ్మా?"

"దాంతోపాటు ఏం తింటున్నారు?"

"ఉత్త సోడా ఎవరు తాగుతారమ్మా? ఏదో ఒకటి ఉండాలిగా." ఏమేం ఉంటాయో నిజాయితీగా చెప్పాడు. ఆవిడ రాసుకోవడం మొదలెట్టి, కాగితం రెండోవైపుకి తిప్పి, చివరికి కలం పక్కన పెట్టేసింది.

"చూడండి బాబాయ్! మామూలు తీపి సోడా తాగేవాళ్లు దాని బదులు ఇది తాగితే కొంత మేలే. నీళ్లతో సరిపెట్టుకునేవాళ్లకి ఇది అక్కర్లేదు. అంతేగాని దాని పేరు చెప్పి రెండింతలు తింటే అదేం చేస్తుంది? మీ బరువు పెంచింది డబ్బా కాదు."

విన్నారా! డబ్బా నిర్దోషి! నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే కదా?

పైవాడికి మాత్రం తీర్పు నచ్చలేదు. ఇంటికెళ్లి భార్య దగ్గర వాపోయాడు. ఆవిడ ఆయన ప్యాంటు నడుము దగ్గర కుట్లు విప్పుతోంది. ఈసారి నోట్లో గుండుసూదులు లేవు.

"ఏమండీ, నేనొకటి అడుగుతాను చెప్పండి. మీ క్రేన్ వెనక దిమ్మలన్నీ ఊడదీసి, వాటి బదులు సున్నా కిలోలని రాసున్న ఖాళీ డబ్బా ఒకటి కట్టి, ముందు రెండు టన్నులు లేపమంటే లేపుతారా?"

"మతిపోయిందా నీకు? పడిపోదూ!"

"మరి మీరు పడ్డారుగా" అంది ఆవిడ. "విప్పడానికి ఈ ప్యాంటులో ఇంక బట్ట కూడా లేదు."

పైవాడు ఆ ప్యాంటు వైపు చూసి సోఫాలో కూలబడ్డాడు. ఆవిడ ఏ మాటన్నా వాదించేవాడే. క్రేన్ మాటతో కొడితే ఏం వాదిస్తాడు? సిగ్గు, భయం రెండూ కలిసి ఆయన్ని ఆ పూట సోఫాలోంచి లేవనివ్వలేదు. మర్నాటి నుంచి బన్నులు, చిప్స్, కేకులు బంద్. కోడిముక్కల దుకాణం ముందు ఆగకుండా, అటు తల తిప్పకుండా, అప్పులవాడి ఇల్లు దాటినట్టు దాటేవాడు.

డబ్బాలు మాత్రం మానలేదు. మానితే ఏం తాగాలి? కూలర్ ఇంకా మరమ్మతులోనే ఉంది.

ఇక్కడే అసలు మహిమ బయటపడింది. వెనకటి రోజుల్లో పైవాడు పొద్దున ఎక్కితే మళ్లీ సాయంత్రమే దిగేవాడు. దిగితే ఎక్కాలి కదా అని, ఆ చిన్న సీసాడు నీళ్లతోనే సరిపెట్టుకుని, కాళ్లు దగ్గరగా పెట్టుకుని కాలం గడిపేవాడు. కానీ ఇప్పుడు ఒంట్లోకి వెళుతున్నది నాలుగు డబ్బాల సోడా! అది ఆగుతుందా? టాయిలెట్ ఉన్నదేమో కింద, గేటు పక్కన. రెండు వందల పన్నెండు మెట్లు దిగాలి. మళ్లీ రెండు వందల పన్నెండు ఎక్కాలి. రోజుకి మూడుసార్లు! మొదటి నెల ఎక్కిదిగిన కష్టమంతా బన్నులకి చెల్లైపోయింది, ఇప్పుడు చెల్లు పెట్టడానికి బన్నుల్లేవు. తిండి తగ్గడం వల్ల ఓ నాలుగు రోజులు కళ్లు తిరిగాయి గాని, తర్వాత నిచ్చెన అలవాటైంది.

"పైవాడు మళ్లీ కిందికొచ్చాడు!" అని కిందున్నవాళ్లు ఈల వేసేవాళ్లు. వేసుకోనీ. గడువు దగ్గరపడేసరికి ఆ మెట్లలో ఏది వదులైందో, ఏది తుప్పుపట్టిందో కళ్లు మూసుకుని చెప్పగలిగే స్థితికొచ్చాడు.

గడువు రోజు రానే వచ్చింది. పైవాడు తాళాలగుత్తి తీసి పక్కన పెట్టాడు. జేబురుమాలు తీశాడు. ఊపిరి బయటికొదిలి మిషనెక్కాడు. తొంభై తొమ్మిది కిలోల ఆరువందల గ్రాములు! దిగలేక అలాగే నిలబడిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

సైటు మేనేజరుగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పైవాణ్ణి ఫ్రిజ్ పక్కన నిలబెట్టి, చేతికి డబ్బా ఇచ్చి ఫోటో తీయించాడు. కింద 'తాగాను, తగ్గాను' అని రాయించి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. ఆ ఫోటో చూసి బావమరిది కూడా డైట్ సోడా మొదలెట్టాడు, బన్నులు ఆపకుండా.

"సార్, తగ్గించింది డబ్బా కాదు, నిచ్చెన" అని పైవాడు చెప్పబోయాడు. "బన్నులు మానేశాను, మెట్లెక్కాను. నా ఫోటో తీసేసినా ఫర్వాలేదు. ఆ కూలర్ బాగు చేయించండి. పైన మూల ఒక చిన్న టాయిలెట్ పెట్టించండి. ఎండలో పనిచేసేవాళ్లం, నీళ్లు తాగాలన్నా భయమే, తాగకపోయినా భయమే."

మేనేజరు ప్రేమగా భుజం తట్టాడు. "టాయిలెట్ దగ్గరికొస్తే మళ్లీ మీరు లావైపోరూ? ఇంత మంచి ఫలితం వచ్చాక దేన్నీ కదిలించకూడదు. ఆ కూలర్ చోట ఇంకో ఫ్రిజ్ పెట్టిస్తున్నా, సంతోషమేనా?"

ఇంతటి దయని ఏ కంపెనీలో చూస్తారు చెప్పండి!

మర్నాడు మధ్యాహ్నం క్రేన్‌కి సిగ్నల్ ఇచ్చే కుర్రాడు కిందనుంచి వాకీటాకీలో పిలిచాడు. "అన్నా, కూలర్‌కి తాళ్లు కట్టాం. లేపి పాత సామాను గుట్టలో పడేయాలట."

"బరువెంత?"

"లోపల చుక్క నీళ్లు లేవుగా అన్నా. తేలిగ్గానే వస్తుంది."

పైవాడు లేపాడు. ఆరడుగుల కూలర్, మరమ్మతు కాగితం రెపరెపలాడించుకుంటూ, క్యాంటీన్ రేకుల మీదుగా గాల్లోకి లేచింది. పాత సామాను గుట్ట ఎడమవైపుంది. క్రేన్ కుడివైపుకి తిరిగింది. అటు మేనేజరుగారి రేకుల గది ఉంది. దాని తలుపు బయటికి తెరుచుకుంటుంది. పందొమ్మిదేళ్ల అనుభవం ఊరికే పోతుందా? అంగుళం తేడా లేకుండా, చప్పుడు కాకుండా, ఆ తలుపుకి ఆనించి కూలర్‌ని దింపాడు.

కాసేపటికి వాకీటాకీ మోగింది. సిగ్నల్ కుర్రాడు నవ్వాపుకోలేక అవస్థ పడుతున్నాడు. "అన్నా, సారు లోపలే ఉన్నారు. తలుపు రావట్లేదని అరుస్తున్నారు. అరిచి అరిచి గొంతెండిపోయిందట, మంచినీళ్లు కావాలంటున్నారు."

పైవాడు తీరిగ్గా నాలుగో డబ్బా తెరిచాడు.

"కిటికీ ఊచల్లోంచి ఓ డైట్ సోడా అందించు తమ్ముడూ, ఒంటికి చాలా మంచిదని చెప్పు. టాయిలెట్ అంటే మాత్రం సాయంత్రం దాకా ఆగమను."