ఆదర్శ భోక్త గంగాలమ్మ

అమెరికావాడు మానేసిన రొయ్యను విశాఖవాడు తినడమే దేశభక్తి అని తీర్మానం జరిగిన రోజున, ఆ తీర్మానానికి తానే కథానాయికనని గంగాలమ్మకు తెలియదు. ఆ సమయానికి ఆమె తగరపువలస దాటాక ఉన్న ఒక ఎగుమతి కంపెనీ షెడ్డులో, తలకు టోపీ, కాళ్లకు రబ్బరు బూట్లు తగిలించుకుని, ఐసునీళ్లలో చేతులు ముంచి రొయ్యల తలలు తీస్తోంది. చరిత్రకెక్కబోయే వాళ్లకు కబురు ఎప్పుడూ ఆలస్యంగానే అందుతుంది.

ముందుగా సుంకం సంగతి. మన సరుకు మీద అమెరికా ప్రభుత్వం దాని విలువలో సగం దాకా పన్ను వేసింది. (ఎందుకు వేసిందని గంగాలమ్మ అడిగితే, మనం ఇంకో దేశం దగ్గర చమురు కొన్నందుకని చెప్పారు. గంగాలమ్మ ఇంట్లో స్కూటరు కూడా లేదు.) పన్ను పడింది సముద్రానికి అవతల. తగిలింది మాత్రం ముందుగా కంపెనీ గేటు పక్క టీకొట్టుకి, తర్వాత ఐసు లారీకి, ఆ తర్వాత షేర్ ఆటోకి. ఎక్కేవాళ్లు తగ్గారు కాబట్టి మిగిలినవాళ్ల దగ్గర ఛార్జీ పెంచక తప్పదని ఆటోవాడు న్యాయంగానే వివరించాడు. ఆ లెక్క అమెరికా లెక్కంత స్పష్టంగానూ ఉంది.

కంపెనీ మేనేజరు మోహనకృష్ణ భీమవరం వైపు మనిషి. చెడ్డ కబురును కూడా పెళ్లిపిలుపులా చెప్పగల మెత్తటి గొంతు ఆయనది. షెడ్డు ముందు ఆడవాళ్లందర్నీ నిలబెట్టాడు.

"చూడండమ్మా, సరుకు కదలటం లేదండి. కోల్డ్ స్టోరేజీ నిండిపోయింది. పోర్టులో కంటైనర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. మీరింకా ఇలా తలలు తీసుకుంటూపోతే కంపెనీ ఏమైపోవాలి చెప్పండి?"

"మీరు తియ్యమంటేనే గదా బాబూ తీసినాం. ఇప్పుడేటి, మళ్లీ అతికీమంటారా?" అంది గంగాలమ్మ.

అందరూ నవ్వారు. మోహనకృష్ణ కూడా నవ్వాడు. నవ్వాక, షెడ్డులో సగంమందినే ఉంచుతామని చెప్పాడు. ఏ సగమో ఇంకా తేలలేదన్నాడు.

గంగాలమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆమె భర్త అర్జునరావు ఫైబరు బోటు మీద వేటకెళతాడు. సముద్రం ఇచ్చిన రోజు ఇస్తుంది, ఇవ్వని రోజు ఇవ్వదు. వేట నిషేధం ఉన్న వేసవి అంతా ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది షెడ్డు జీతంతోనే. ఆ పని పోతే తర్వాతేమిటన్నది ఆలోచించడానికి కూడా ఆమెకు భయం వేసింది.

సరిగ్గా ఇలాంటి భయాలను తొలగించడానికే 'స్వదేశీ రొయ్య భోజన ప్రోత్సాహక మండలి' ఏర్పడింది. కార్యాలయం గాజువాకలో పెట్టారు. (గాజువాకలో రొయ్యల పరిశ్రమ లేదు. ఖాళీ మేడ ఉంది.) మండలికి తృప్తి పర్యవేక్షణాధికారిగా భీమశంకరరావు గారు వచ్చారు. ఆయన సిద్ధాంతం సులువైనది. జనం రొయ్యలు తింటే చాలదు, తృప్తిగా తింటున్నట్టు కనబడాలి. కనబడితే పక్కవాడు తింటాడు. పక్కవాడు తింటే వాడి పక్కవాడు తింటాడు. ఆ వరస అలా ఇచ్ఛాపురం దాకా పోయేసరికి అమెరికా సిగ్గుతో తల దించుకుంటుంది.

తృప్తిని మండలి మూడు తరగతులుగా విభజించింది: సామాన్య తృప్తి, విశేష తృప్తి, జాతీయ తృప్తి. త్రేన్పు ఐచ్ఛికం. ముద్ద నోట్లో ఉండగా ధర గురించి మాట్లాడడం నిషిద్ధం. కంపెనీతో ఒక ఒప్పందం కూడా కుదిరింది. వేదిక మీదా, ఆ తర్వాత ఇంట్లోనూ జాతీయ తృప్తి కనబరిచిన ఆడవాళ్లకు, సుంకం ప్రభావం ఉన్నంతకాలం షెడ్డులో ఉద్యోగ రక్షణ ఉంటుంది. ఎవర్ని తీసేయాలో తాను తేల్చుకోనక్కర్లేనందుకు మోహనకృష్ణ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

ఇక ప్రారంభోత్సవం ఎక్కడ? మండలి ఎంతో మేధోమథనం చేసి, రొయ్య విలువ తెలిసినవాళ్ల మధ్యనే జరపాలని నిశ్చయించి, సముద్రం ఒడ్డున ఉన్న గంగాలమ్మ వాళ్ల పేటనే ఎంచుకుంది.

ఇందులో చిన్న చిక్కుంది. కంపెనీ కొనే చెరువు రొయ్యను ఆ పేటలో ఎవరూ తినరు. తినరంటే, అది రొయ్యని కూడా ఒప్పుకోరు. వాళ్ల లెక్కలో రొయ్య అంటే వలలో పడేది. చెరువులో మేత వేసి, మందు కొట్టి, నీళ్లకు గాలాడేలా ఫ్యాను తిప్పి పెంచేది మరేదో జీవి. గంగాలమ్మ ఇన్నేళ్లుగా ఆ జీవి తలలు తీస్తోందే గానీ ఒక్కదాన్నీ నాలిక మీద పెట్టలేదు. షెడ్డు నుంచి వచ్చాక ఆమె చేతులు బ్లీచింగు వాసన కొడుతుంటాయి. ఆ చేతులతో వల ముట్టుకోనివ్వడు అర్జునరావు. "షెడ్డు సేతులు. సముద్రం తల్లి గంగమ్మకి పడవు" అంటాడు. ఆ చేతుల జీతంతో వండిన అన్నం మాత్రం గంగమ్మకు పడేది. (మతాచారాల్లో ఇలాంటి మినహాయింపులు అన్నిచోట్లా ఉన్నాయి.)

పేటలో షామియానా వేశారు. వేదిక మీద షెడ్డు ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టి, మండలివారి రొయ్యల వేపుడు వడ్డించారు. మొదటామె మొహం చిట్లించింది. రెండో ఆమె నమిలి, నమిలి, కొంగులోకి వదిలేసింది. భీమశంకరరావు గారు చెమట తుడుచుకున్నారు. గంగాలమ్మ వంతు వచ్చింది. ఎదురుగా పేటంతా నిలబడి ఉంది. వెనకాల ఎక్కడో అర్జునరావు తల కనబడుతోంది.

ఆమె కళ్లు మూసుకుంది. తెల్లారగట్ల మలుపు తిరిగి వచ్చే కంపెనీ వ్యానును తలుచుకుంది. వ్యాను ఆగినట్టూ, డ్రైవరు తలుపు తీసినట్టూ, తనకు కిటికీ పక్క సీటు దొరికినట్టూ ఊహించుకుంటూ ముద్ద మింగింది. మొహం వెలిగిపోయింది.

"జాతీయ తృప్తి!" అని అరిచారు భీమశంకరరావు గారు. కెమెరాలన్నీ ముందుకు జరిగాయి. గంగాలమ్మను ఆ క్షణమే ఆదర్శ భోక్తగా ప్రకటించి, శాలువా కప్పి, పెట్టెడు రొయ్యల ప్యాకెట్లు చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చేసరికి అర్జునరావు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"తినీసినావేటే?"

"తినీసినాను."

"ఎలగుంది?"

"ఎలగా నేదు. నానబెట్టిన రబ్బరు నాగుంది."

"మరి ఆ ముకమేటే? పెళ్లిలో కూడా అలగ నవ్వనేదు నువ్వు."

"అది జీతం ముకం. పెళ్లికి నాకెవుడిచ్చినాడు జీతం?"

అర్జునరావు వల దగ్గరకు లాక్కుని సర్దుకోవడం మొదలెట్టాడు.

ఆ రోజు నుంచి ఉద్యోగ రక్షణతో పాటు వారం వారం ప్యాకెట్ల పెట్టె కూడా రావడం మొదలైంది. ఆదర్శ భోక్త ఇంట్లో నిల్వ తరగకూడదని మండలి నియమం. ఆ ఇంట్లో ఫ్రిజ్ లేదు, తినేవాడూ లేడు. అందుకని గంగాలమ్మ పెట్టెను ఆడపడుచు చిట్టమ్మకు ఇచ్చేసేది. చిట్టమ్మ, తన తమ్ముడు అర్జునరావు బోటు సరుకును బుట్టకెత్తుకుని కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన అమ్ముకుంటుంది.

మొదటి రోజు చిట్టమ్మ, మండలివారు నేర్పినట్టే, "దేశం కోసం తినండి బాబూ" అని కేకేసింది. ఎవరూ ఆగలేదు. దేశం కోసం ఆ ఉదయం అందరూ ఏదో ఒకటి చేసే ఉన్నారు. రెండో రోజు ఆమె తన సొంత బుద్ధి ఉపయోగించింది.

"అమెరికావోళ్లు తినీ రొయ్యలు! ఓడెక్కాల్సినవి! మీ అదురుష్టం బాగుండి దిగిపోనాయి!"

బుట్ట క్షణాల్లో ఖాళీ అయింది. (స్వదేశీ వినియోగం పెరిగిందని మండలి అదే వారం ప్రకటించింది. అది అబద్ధం కాదు.) పేటలో మిగతా షెడ్డు ఆడవాళ్లు కూడా ముఖాలు వెలిగించడం నేర్చుకుని ప్యాకెట్లు తెచ్చారు. అవీ కంచరపాలెమే చేరాయి. ఊళ్లో అమెరికా రొయ్య చవకగా, శుభ్రంగా, తల లేకుండా దొరుకుతోంటే, ఇసకతో, మీసాలతో వచ్చే సముద్రపు రొయ్యను అడిగేవాడు కరువయ్యాడు. హార్బరులో ఎగుమతి కోసం కొనే షావుకారు కూడా చేతులెత్తేశాడు. సుంకానికి చెరువనీ సముద్రమనీ పట్టింపు లేదు.

ఒక పొద్దున అర్జునరావు బుట్ట నింపి తెచ్చాడు. చిట్టమ్మ దాని వంక చూసి తల గోక్కుంది.

"ఒరే తమ్ముడూ, ఇవి వొద్దురా. అమెరికావి నేవా అని అడగతన్నారు."

"అప్పా! ఇది మన సముద్రం రొయ్య!"

"నాకు తెల్దేటిరా? ఆళ్లకి సెప్పు."

"ఆ పెట్టెలు నీకెవులిచ్చినారు?"

చిట్టమ్మ మరదలి వైపు చూసింది. గంగాలమ్మ పొయ్యి వైపు చూసింది. తన ఉద్యోగాన్ని నిలబెట్టుకోవడానికి తను మింగిన ముద్దే మొగుడి బుట్టను ఒడ్డున పడేసిందని ఆమెకు అప్పుడు అర్థమైంది. అర్జునరావు బుట్ట తెచ్చి పొయ్యి పక్కన పెట్టి బయటికెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది.

కొనేవాడు లేని సరుకు ఇంట్లోనే వండుకోవాలి కదా. అలా ఆ ఇంట్లో పూటపూటా రొయ్యల కూరే అయింది. అదే సమయంలో, ఆదర్శ భోక్త గృహతృప్తిని స్వయంగా పరిశీలించడానికి భోజనవేళకు వస్తున్నానని భీమశంకరరావు గారు ఫోను చేశారు.

గంగాలమ్మ ఇల్లంతా వెతికింది. ప్యాకెట్లన్నీ కంచరపాలెం వెళ్లిపోయాయి. ఇంట్లో ఉన్నది పొద్దుటి వేట ఒక్కటే. గత్యంతరం లేక దాన్నే చింతచిగురు వేసి ఇగురు పెట్టింది.

అధికారి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కంచం ఒళ్లో పెట్టుకుని, విధినిర్వహణ మొహంతో మొదటి ముద్ద తిన్నారు. రెండో ముద్దకు మొహం మారింది. మూడో ముద్దకు మాట ఆగింది. ఇంకొంచెం వేయమని కంచం తానే చాచారు. (ఈ ఘట్టంలో పర్యవేక్షణ ఎవరు చేశారన్నది నివేదికలో లేదు.)

చివరికి వేళ్లు నాకుతూ అన్నారు: "నిజం చెప్పమ్మా. ఇది మన కంపెనీ రొయ్యేనా?"

గంగాలమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. కాదంటే షెడ్డు పని పోతుంది. అవునంటే, మొగుడు అలల మీద ఒళ్లు హూనం చేసుకుని పట్టుకొచ్చినదాన్ని, అతని ఎదురుగానే, మందు కొట్టిన చెరువు ఖాతాలో వేసినట్టవుతుంది. ఆమె అర్జునరావు కళ్లల్లోకి చూడలేకపోయింది. గోడకు ఆనుకుని నిలబడ్డ అర్జునరావు గొంతు సవరించుకున్నాడు.

"అవున్సార్. సెరువు రొయ్యే. మాది రోజూ అదే తినడం."

జన్మలో ఎప్పుడూ అంత పెద్ద అబద్ధం ఆడలేదు అతను. భీమశంకరరావు గారు చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి అతని భుజం తట్టారు. కూర మచ్చ అర్జునరావు చొక్కా మీద ఉండిపోయింది. ఆయన వెళ్లాక గంగాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఎందుకే ఏడుత్తావు? బాగా వొండినావు" అన్నాడు అర్జునరావు.

ఆ ఇంటి భోజనం మీద భీమశంకరరావు గారి నివేదిక రాష్ట్రస్థాయిలో ప్రశంసలు అందుకుంది. సామాన్య కుటుంబం పూటపూటా రొయ్య తినగలుగుతోందనీ, తృప్తికి జాతీయ తరగతి కూడా చాలడం లేదనీ, అందువల్ల విశాఖ మీద సుంకం ప్రభావం ఏమీ లేదనీ అందులో రుజువైంది. లక్ష్యం నెరవేరినందున మండలిని రద్దు చేశారు. భీమశంకరరావు గారిని పదోన్నతి మీద ఉక్కు వైపు పంపారు. బయటి దేశాలు వద్దంటున్న ఉక్కును విశాఖ గృహిణులు వంటింట్లో తృప్తిగా ఎలా వాడుకోవచ్చో ఆయన ఇప్పుడు పరిశీలిస్తున్నారు.

మండలి రద్దయిన మర్నాడు తెల్లారగట్ల గంగాలమ్మ మలుపు దగ్గర నిలబడింది. వ్యాను రాలేదు. వెలుగొచ్చాక మోహనకృష్ణ ఫోను చేశాడు.

"రక్షణ జాబితాలో మీ పేరు అందరికంటే పైనే ఉందమ్మా. కానీ ఆ రక్షణ, సుంకం ప్రభావం ఉన్నంతకాలమే కదండి. ప్రభావం లేదని తేలిపోయింది."

"ఎక్కడ తేలినాది బాబూ?"

"మీ ఇంట్లోనేనమ్మా" అన్నాడు ఆయన, పెళ్లిపిలుపులా.

గంగాలమ్మ ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంది. వేటకెళ్లని అర్జునరావు చిరిగిన వల బాగు చేస్తున్నాడు. పనికెళ్లకుండా తిరిగొచ్చిన ఆమెను చూసి, వల కొస ఒకటి ఆమె ఒళ్లోకి తోశాడు.

"పట్టు. ఇంకేటి పరవానేదు."

షెడ్డు చేతులు కావు కనుక, ఆమె ఇప్పుడు వల ముట్టుకోవచ్చు.