మొదటి బెంచీ సిద్ధాంతం

శనివారం పొద్దున ఉపదేశిగారికి మూడే పనులు. చర్చి వరండాలో కొత్త బోర్డు పెట్టించడం, తెల్లచొక్కా ఇస్త్రీ చేయించడం, క్షవరం. మర్నాడు పూజ అయ్యాక బిషప్ గారు స్వయంగా ఆ చొక్కాకు పతకం గుచ్చుతారు. పాతికేళ్ళుగా పిల్లలకూ పెద్దలకూ సత్యోపదేశం చెప్పినందుకు. ఇన్నేళ్ళలో ఒక్క ముక్క తప్పు చెప్పలేదని ఆయనకు పేరు. ఆ పేరును అందరికన్నా ఎక్కువగా నమ్మింది ఆయనే.

బోర్డు ఆలోచన మాత్రం మూడు నెలల కిందట వచ్చిన కొత్త ఫాదర్ గారిది. పూలకుండీ పక్కకి జరిపినా, గంట ఒకటి తక్కువ కొట్టించినా "మతాన్నే మార్చేస్తున్నారు" అని జనం గొడవ.

"ఏది ఆచారమో, ఏది విశ్వాసమో రాసి పెట్టేయండి ఉపదేశిగారూ. వీళ్ళతో వేగలేకపోతున్నాను," అన్నారు ఫాదర్ గారు.

ఆయన అసలు బాధ మొదటి బెంచీ. అది పక్క తలుపుకు అడ్డంగా ఉండి, పూజకు వచ్చే ప్రతిసారీ ఆయన మోకాలికి తగులుతుంది. నలుగురు పట్టే ఆ బెంచీ మీద నలభై ఏళ్ళుగా ఒక పెద్దమ్మ ఒక్కతే కూర్చుంటోంది. మిగతా చోటు ఆమె సంచీకి, గొడుగుకు సరిపోతుంది.

ఉపదేశిగారు రెండు జాబితాలు గుండ్రటి అక్షరాలతో రాశారు. విశ్వాసానికి నాలుగు పంక్తులు చాలాయి: దేవుడు ఒక్కడే, క్రీస్తు మృతుల్లోంచి లేచాడు, సంస్కారాలు ఏడు, మనమూ లేస్తాం. ఆచారాలకు పదకొండు కావాల్సి వచ్చి, రెండు వరుసల్లో వెడల్పుగా పరుచుకున్నాయి: పూజ వేళ, గంటల లెక్క, పాటలవాళ్ళ చోటు, మొదటి బెంచీ, ఇంకో ఏడు. శీర్షికలు మాత్రం వడ్రంగి చేత విడిగా చెక్కపలకల మీద చెక్కించారు. ఒకటి 'మారేవి'. రెండోది 'ఎన్నటికీ మారనివి'.

"ఇవి పైన బిగించెయ్యి. నేను ఇస్త్రీ కొట్టుకెళ్ళి వస్తా," అన్నారు వడ్రంగితో.

వడ్రంగికి చదువు వచ్చు గానీ పనిలో ఉండగా చదివే అలవాటు లేదు. కొలత చూశాడు. పలకల్లో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. జాబితాల్లో ఒకటి సన్నం, ఒకటి వెడల్పు. పొట్టిదాన్ని సన్నదాని మీద, పొడుగుదాన్ని వెడల్పుదాని మీద పెట్టి నాలుగేసి మేకులు దిగ్గొట్టాడు. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని, తృప్తిగా వెళ్ళిపోయాడు.

ఉపదేశిగారు తిరిగొచ్చేసరికి వరండా నిండా జనం. పాటల మాస్టారు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టేసుకున్నారు.

"మీరు దేవుడండీ! మా చోటు ఎన్నటికీ మారదని రాయించారా! కల్లో కూడా అనుకోలేదు."

ఉపదేశిగారు బోర్డు వంక చూశారు. పొడుగు పలక కింద మొదటి బెంచీ ఉంది. పొట్టి పలక కింద దేవుడున్నాడు. ఆయనకు పై ప్రాణాలు పైనే పోయాయి.

పలకలు తారుమారయ్యాయని ఒక్క మాట అంటే సరిపోతుంది. కానీ అంటే, అందరూ రెండో పక్క కూడా చదువుతారు. దేవుడు మారతాడని ఉపదేశిగారి సొంత దస్తూరీలో! అదీ పతకానికి ముందురోజు! ఆయన నోరు మూసుకుని, సుత్తి వెతికి తెచ్చారు. అప్పటికే పెద్దమ్మ బోర్డు కింద స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఏం చేస్తున్నావు నాయనా?"

"పలక కాస్త వంకరగా ఉంది పెద్దమ్మా. సరిచేద్దామని."

"బాగానే ఉందే!"

"కాదు, కొంచెం పక్కకి..."

"ఎన్నటికీ మారదని రాసి, గంట తిరక్కుండానే మారుస్తావా?"

జనం గొణిగారు. ఎవరో ఆయన చేతిలోంచి సుత్తి లాక్కున్నారు. అంతలో ఫాదర్ గారు మోకాలు రుద్దుకుంటూ వచ్చారు. గుంపు తలల మధ్య ఆయనకు బోర్డు చెక్క అంచు తప్ప ఏమీ కనబడలేదు.

"బెంచీ విషయంలో మాకందరికీ సంతోషమే ఫాదర్!" అన్నారు పాటల మాస్టారు.

"నిజంగానా? గొడవేం లేదుగా?" ఫాదర్ గారు నమ్మలేకపోయారు. "అయితే రేపు బిషప్ గారి చేతే ఈ బోర్డు అందరికీ చదివిస్తాను!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఉపదేశిగారు కూడా కొట్టారు.

ఆదివారం తెల్లవారుతూనే ఆయన మేకులు పీకే పటకారు జేబులో వేసుకుని వచ్చారు. పెద్దమ్మ స్టూలు మీదే ఉంది, గొడుగుతో సహా.

పూజ అయ్యింది. బిషప్ గారు వరండాలో బోర్డు ముందు నిలబడి, కళ్ళద్దాలు పెట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"మారేవి. దేవుడు ఒక్క..."

అక్కడ ఆగిపోయారు. ఫాదర్ గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇక దాచడం ఉపదేశిగారి వల్ల కాలేదు.

"తప్పు నాదండీ. పలకలు తారుమారయ్యాయి. నిన్ననే చూశాను. పతకం పోతుందని నోరు విప్పలేదు."

బిషప్ గారు జనం వైపు తిరిగారు. "నిన్నటి నుంచి ఇంతమంది చదివారు కదా. ఒక్కరికీ అనుమానం రాలేదా?"

అందరూ తలలు దించుకున్నారు. ఉపదేశిగారికి ఇప్పుడు పతకం గుర్తే లేదు. పాతికేళ్ళు గొంతు చించుకుని చెప్పింది ఒక్క బుర్రలోనూ నిలవలేదా అనిపించి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"రాకేం? చూడగానే తెలిసింది, పలకలు తారుమారయ్యాయని," అంది పెద్దమ్మ స్టూలు మీద నుంచే.

"మరి చెప్పలేదేం?" అన్నారు బిషప్ గారు.

"చెప్తే సరిచేసేస్తారు. నా బెంచీ పోతుంది."

"బెంచీ సరేనమ్మా. దేవుడి సంగతో?"

"బోర్డు మీద రాసినంత మాత్రాన ఆయన మారతాడా అయ్యగారూ? బెంచీ అలా కాదు. ఇద్దరు పట్టుకుంటే చాలు, మోసుకుపోతారు."

జనం తలలూపారు. పాటల మాస్టారు "నేనూ అదే అనుకున్నాను" అన్నారు గానీ, ఎప్పుడు అనుకున్నారో చెప్పలేదు.

"ఇదంతా మీకెవరు నేర్పారు?" అడిగారు బిషప్ గారు.

"ఇంకెవరు, ఈయనే! పాతికేళ్ళుగా అదే పాఠం."

బిషప్ గారు పతకం తీసి ఉపదేశిగారి చొక్కాకు గుచ్చారు. పిన్ను కాస్త ఒంట్లోకే దిగింది. ఉపదేశిగారికి నొప్పే తెలియలేదు.

సోమవారం వడ్రంగి వచ్చి, ఇలాగైతే చూడ్డానికి బాగోదని సణుగుతూనే పలకలు అటువి ఇటు మార్చాడు. ఇప్పుడు మొదటి బెంచీ 'మారేవి' కింద ఉంది. ఫాదర్ గారి మోకాలికి మాత్రం రోజూ తగులుతూనే ఉంది.