గ్రాండ్ సుబేదార్ గారి కోపం

గ్రాండ్ సుబేదార్ గారు ఈ ఏడాది ఉగాది లోపలే నలుగురిని కరిచారని తెలియజేయడానికి అల్వాల్ అవతల ఉన్న సత్యదేవ్ స్టడ్ ఫామ్ యాజమాన్యం ఎంతో సంతోషించింది. ఆ నలుగురిలో ఒకరు పుణె నుంచి వచ్చిన పెద్దమనిషి కావడం మరింత గర్వకారణమనీ, పడిన కుట్లు ఆరే అయినా మచ్చ శాశ్వతంగా ఉంటుందని డాక్టర్లు హామీ ఇచ్చారనీ నున్నటి కాగితం మీద రంగుల్లో పుస్తకంగా అచ్చు వేయించి, దేశంలోని గుర్రాల పెంపకందార్లందరికీ పంపింది.

సుబేదార్ గారు గుర్రం. ఆయన గురించి తెలియనివాళ్లు సికింద్రాబాదులో ఇంకా కొందరున్నారని విన్నాం కనుక ఈ మాట చెప్పవలసి వస్తోంది. పద్నాలుగు పందేల్లో పరుగెత్తి పదకొండు గెలిచి, ఆ పైన పరుగు మానేసి, వంశాభివృద్ధి అనే గౌరవనీయమైన ఉద్యోగంలో కుదురుకున్నారు. ఇలాంటి మగ గుర్రాన్ని ఆ వ్యాపారంలో స్టాలియన్ అంటారు. నలుమూలల నుంచీ మేలుజాతి ఆడగుర్రాలను బండ్లలో ఎక్కించి ఆయన దగ్గరికి తీసుకొస్తారు.

గెలిచిన పందేల సంగతి ఇప్పుడెవరూ అడగరు. అందరూ అడిగేది కోపం సంగతే. కోపం ఉంటేనే రక్తం ఉన్నట్టు, రక్తం ఉంటేనే పిల్లలు పరుగెత్తినట్టు. ఈ సిద్ధాంతాన్ని ఎవరూ రుజువు చేయలేదు, అందువల్ల ఎవరూ కాదనలేకపోయారు. సుబేదార్ గారు ఒక జాకీ భుజాన్ని, ఒక ఫొటోగ్రాఫర్ మోచేతిని, బహుమతి ఇవ్వడానికి వచ్చిన ముఖ్య అతిథి మెడలోని దండను, దండ అయిపోయాక ముఖ్య అతిథిని కరిచిన వివరాలు తేదీలతో సహా పుస్తకంలో ఉన్నాయి. కరిపించుకున్నవాళ్లు ఆ ఫొటోలను పటం కట్టించుకుని ఇంట్లో పెట్టుకున్నారు. ఆయన సంతానంలో కరిచే పిల్లలు కళ్లు మూసి తెరిచేలోగా అమ్ముడుపోయేవి. సాధువుగా పుట్టిన ఒకటి రెండింటిని కొన్నవాళ్లు మోసపోయామని తిరిగి పంపించారు.

యజమాని సత్యదేవ్ గారికి సికింద్రాబాదు కార్ఖానా ప్రాంతంలో బంగళా ఉంది, వంశంలో కోపం ఉంది. ఆయన తాతగారు ఒకనాడు పులుసులో ఉప్పు తక్కువైందని పళ్లెం విసిరితే అది గోడ దాటి వీధిలో పోయే పోలీసుకు తగిలిందట. ఆ సొట్ట పళ్లెం ఇప్పటికీ బంగళా హాల్లో అద్దాల పెట్టెలో ఉంది. వచ్చిన అతిథులకు మంచినీళ్ల కంటే ముందు దాన్నే చూపిస్తారు.

ఇంత కోపం మధ్య కోపం లేని ప్రాణి ఒకటే ఉండేది. అది సైసు కలీముల్లా. రెజిమెంటల్ బజార్ వెనక రెండు గదుల ఇంట్లో ఉంటూ, ముప్పై ఏళ్లుగా గుర్రాలకు దాణా పెట్టి, మాలిష్ చేసి, అడిగినదానికి "జీ సార్" అని, అడగనిదానికి కూడా "జీ సార్" అని బతికినవాడు. సుబేదార్‌ను రెండేళ్ల వయసు నుంచీ, అంటే పన్నెండేళ్లుగా, అతనే చూసుకుంటున్నాడు. సొంత బిడ్డను చూసుకున్నట్టే చూసుకున్నాడు, అందులో అతిశయోక్తి లేదు.

కలీముల్లాకు ఒక్క విషయం అర్థమయ్యేది కాదు. కళ్లెం వేయనంతసేపు సుబేదార్ అతని భుజం మీద తల ఆనించి కునుకు తీస్తుంది. కళ్లెం నోట్లో పడిందంటే చాలు, కళ్లు ఎర్రబడి, ఎవరు అందితే వాళ్లను కరుస్తుంది. ఒకరోజు ధైర్యం చేసి యజమానితో చెప్పాడు.

"సార్, సుబేదార్‌కు నోట్ల ఏదో తక్లీఫ్ ఉన్నట్టున్నది సార్. కళ్లెం ఏస్తేనే కొరుకుతుండు. తీస్తే పిల్లి లెక్క పడుకుంటడు. జెర డాక్టర్‌కు సూపిస్తే మంచిగుంటది."

"కలీముల్లా, అది తక్లీఫ్ కాదు, ఖాందాన్, వంశంలో వచ్చింది," అన్నారు సత్యదేవ్ గారు. "నీకు సమజ్ కాదులే. పో, నీళ్లు పెట్టు."

అతను నీళ్లు పెట్టాడు. పాత పశువైద్యుడికి కూడా చెప్పి చూశాడు. ఆయన ఏడాదికోసారి వచ్చి, కంచె అవతల నుంచి బైనాక్యులర్స్‌తో సుబేదార్‌ను పరీక్షించి, "ఆరోగ్యం భేష్, కోపం దివ్యం" అని రాసి, టీ తాగి వెళ్లేవారు.

ఆయన రిటైరయ్యాక డాక్టర్ హదస్సా వచ్చింది. ముప్పై ఏళ్లు నిండని పిల్ల. గుర్రానికి పూర్తి పరీక్ష చేయవలసిందిగా సత్యదేవ్ గారు ప్రతి ఏడూ ఒక కాగితం మీద సంతకం పెట్టేవారు. ఆ కాగితం చదివి నిజంగానే పూర్తి పరీక్ష చేసిన మొదటి మనిషి ఆమె. ఇలాంటి పొరపాట్లు అనుభవం లేనివాళ్లే చేస్తారు. కలీముల్లా చెప్పింది మధ్యలో ఆపకుండా విని, గుర్రానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, నోట్లో చెయ్యి పెట్టి తడిమింది.

"చిగుళ్ల కింద చిన్న పన్ను ఒకటి దాక్కొని ఉంది. పైకి కనిపించదు. కళ్లెం ఇనుము సరిగ్గా దాని మీదే ఒత్తుతుంది. నొప్పి పెట్టే పన్ను మీద ఇనుప కడ్డీ పెట్టి లాగితే మీరేం చేస్తారు?"

కలీముల్లా ఆలోచించి, "కొరుకుత అమ్మా," అన్నాడు.

పది నిమిషాల్లో చింతగింజంత పన్ను అతని అరచేతిలో ఉంది. గాయం మానాక కళ్లెం వేస్తే సుబేదార్ ఒకసారి ఇనుమును నాలుకతో అటూ ఇటూ తిప్పి చూసి, అనుమానం తీరక మళ్లీ తిప్పి చూసి, కలీముల్లా చెవి నాకింది. అతనికి ఏడుపు ఆగలేదు. పన్నెండేళ్లు ఆ నొప్పిని తన చేతులతో తానే బిగించానన్న బాధ కొంత, అది పోయిందన్న సంతోషం కొంత.

ఆ ఆదివారమే ఫామ్ మీద పిడుగు పడింది. చెన్నై నుంచి ధర్మరాజు గారు వచ్చారు. ఆయనకు నాలుగు కాలేజీలు, ఆరు ఆడగుర్రాలు ఉన్నాయి. కరిపించుకోవడానికి వీలుగా ఎడమ చొక్కా చెయ్యి మడిచి, సొంత ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని, కళ్లెం వేసిన సుబేదార్ ముందు నిలబడ్డారు. సుబేదార్ గారు ఆయన్ను వాసన చూసి, భుజం మీద గడ్డం ఆనించి, కళ్లు మూసుకున్నారు. ఫొటో కూడా చాలా బాగా వచ్చింది.

"ఏమండీ సత్యదేవ్ గారూ, ఇది గుర్రమా, గంగిరెద్దా?" అన్నారు ధర్మరాజు గారు, మడిచిన చొక్కా చెయ్యి దించుకుంటూ. "మా ఆడగుర్రాల వంశంలో ఏడు తరాలుగా ఎవరూ ఎవరినీ ముద్దు పెట్టుకున్న దాఖలా లేదు."

వారం తిరిగేసరికి రావలసిన ఆడగుర్రాలన్నీ రావడం మానేశాయి. సత్యదేవ్ గారు ముగ్గురు పెద్దలతో స్వభావ విచారణ సంఘాన్ని నియమించారు. అధ్యక్షులు బ్రహ్మచారి గారు. గుర్రాల వంశవృక్షాల్లో ఆయనంతటి పండితుడు లేడు. గుర్రం వెంట్రుక పడదు కనుక ఆయన జీవితంలో ఏ గుర్రాన్నీ ముట్టుకోలేదు, అందుకే ఆయన అభిప్రాయాలకు నిష్పాక్షికత ఉండేది.

సంఘం షామియానా కింద కూర్చుని, కాజూ బిస్కెట్లు తింటూ విచారించింది. తీసిన పన్నును తిరిగి పెట్టే వీలుందా అని డాక్టర్ హదస్సాను రాతపూర్వకంగా అడిగింది. "గుర్రానికి పెట్టలేను, సంఘంలో ఎవరికైనా కావాలంటే ప్రయత్నిస్తాను" అని ఆమె రాతపూర్వకంగానే జవాబిచ్చింది. ఆ జవాబు పరిశీలనలో ఉంది.

అప్పుడు బ్రహ్మచారి గారు లేచి గంభీరంగా ప్రసంగించారు. "పెద్దలారా, కోపం అనేది వ్యక్తి సొత్తు కాదు, వంశం సొత్తు. దాన్ని ఒక చిన్న డాక్టరమ్మ పట్టకారుతో పీకి పారేస్తే చరిత్ర క్షమించదు. కనుక స్వభావ పునరుద్ధరణ సాధనాన్ని వాడవలసిందిగా సిఫారసు చేస్తున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాధనాన్ని ఎర్ర గుడ్డ కప్పిన పళ్లెంలో తెచ్చారు. అది లోపలివైపు ముళ్లున్న కళ్లెం. ఇక నుంచి సుబేదార్ బతికినన్నాళ్లూ అదే వేయాలని తీర్మానం. వేయగలిగినవాడు కలీముల్లా ఒక్కడే కనుక అతన్ని పిలిచి చేతికిచ్చారు.

కలీముల్లా దాన్ని పట్టుకుని గుర్రం ముందు నిలబడ్డాడు. సుబేదార్ వెనకటిలా తల ఎగరేయలేదు. కళ్లెం అంటే భయం పోయింది కదా, తనంతట తానే తల దించి, నోరు తెరిచి, ఇంకా వేయవేం అన్నట్టు ఎదురు చూసింది.

"వద్దు సార్," అన్నాడు కలీముల్లా.

"ఏందీ? గట్టిగ చెప్పు, ఇనబడ్తలేదు," అన్నారు సత్యదేవ్ గారు.

కలీముల్లా గట్టిగా చెప్పాడు. అంతకంటే ముందు కళ్లెం విసిరేశాడు. అది టీ కప్పుల పళ్లేన్ని పడగొట్టి, బ్రహ్మచారి గారి ఒళ్లో వాలింది.

"పన్నెండేండ్ల సంది పన్ను నొప్పితోని పరేషాన్ అయిండు వీడు. మీరేమో గది ఖాందాన్ అని పుస్తకం అచ్చేసిండ్రు. ఒక్కడన్న నోరు తెరిచి సూసిండ్రా? మీ తాత సుత గా పళ్లెం ఇసిరింది పన్ను నొప్పికే అయ్యుంటది, ఎవ్వడు సూసిండు? గీ ముండ్ల కళ్లెం ముందు మీ నోట్ల పెట్టుకోండ్రి. మీకు మంచిగనిపిస్తే ఆనక వీని సంగతి సూద్దాం."

ఉద్యోగం పోయింది, గుర్రం కూడా పోయినట్టే అనుకున్నాడు కలీముల్లా. సుబేదార్ మెడ ఒకసారి నిమిరి, గూట్లో ఉన్న టిఫిన్ డబ్బా తెచ్చుకోవడానికి కదిలాడు.

సత్యదేవ్ గారు లేచి నిలబడ్డారు. తన కుర్చీ తానే ముందుకు లాగారు. "కూర్చోండి, కలీముల్లా సాబ్," అన్నారు. ఆ గొంతులో భక్తి తప్ప మరేమీ లేదు.

బ్రహ్మచారి గారు ఒళ్లోని టీ తుడుచుకోవడం కూడా మరిచి కలం తీశారు. "తమది ఏ ఖాందాన్, సాబ్?"

"మా అబ్బా రెజిమెంటల్ బజార్ల టాంగా తోలేటోడు సార్."

"అంతకు ముందు?"

"అంతకు ముందు సుత టాంగనే సార్."

ఆ జవాబు వినయంగా ఉండటం వల్ల సంఘం దాన్ని నమ్మలేదు. సాయంత్రానికి నివేదిక తయారైంది. మహా స్టాలియన్ల స్వభావం సంతానానికే కాక, సాంగత్యం వల్ల సైసుకు సైతం సంక్రమించుననీ, గ్రాండ్ సుబేదార్ గారి కోపం నశించలేదనీ, పరిపాలనా సౌలభ్యం కోసం కలీముల్లా సాబ్‌లోకి బదిలీ అయినదనీ, సైసుకే ఇంత వస్తే సొంత పిల్లలకు ఎంత రావాలో పెంపకందార్లు ఊహించుకోవలసినదనీ అందులో ఏకగ్రీవంగా రాశారు. ముళ్ల కళ్లెం అవసరం లేకపోయింది.

ఆడగుర్రాలు మళ్లీ వచ్చాయి, మునుపటి కంటే ఎక్కువే వచ్చాయి. కొత్త పుస్తకం అట్ట మీద నోరు తెరిచిన కలీముల్లా బొమ్మ ఉంది. ఆదివారం పది నుంచి పన్నెండు దాకా అతను అతిథులను తిడతాడు. తిట్టడం అతనికి మనసొప్పదు. కానీ సుబేదార్ నోరు బాగుండాలంటే తన నోరు నడవాలని అతనికి తెలుసు. ఒకసారి బాగా తిట్టి, ఫామ్‌లోని గుర్రప్పిల్లలన్నిటి పళ్లూ డాక్టర్ హదస్సాకు చూపించేలా కూడా చేశాడు. ముప్పై ఏళ్లు మెల్లగా అడిగినా కానిది ఒక్క అరుపుతో అయిందని ఆమె నవ్వితే అతను కూడా నవ్వాడు.

కిందటి ఆదివారం ధర్మరాజు గారు గంటసేపు వరుసలో నిలబడి, కడుపు నిండా తిట్లు తిని, రుమాలుతో ముఖం తుడుచుకుంటూ అడిగారు. "సాబ్, మా కాలేజీకి ప్రిన్సిపాల్ కావాలి. మీలాంటి రక్తం కోసం రెండేళ్లుగా వెతుకుతున్నాను. మీకు పిల్లలున్నారా?"

కలీముల్లా కోపంగా ఉండాలన్న సంగతి మరిచిపోయాడు.

"ఒక్కతే బిడ్డ సార్, షాగుఫ్తా. ఎమ్మెస్సీల ఫస్ట్ వచ్చింది. బడిల లెక్కలు చెప్తది. ఇయ్యాల్టి దాకా ఎవ్వరినీ ఒక్క మాట అనలే సార్. పిల్లలకు ఆమె అంటే జాన్."

ధర్మరాజు గారి ముఖం వాడిపోయింది. ఆయన కలీముల్లా చెయ్యి పట్టుకుని, చావు ఇంట్లో మాట్లాడినట్టు గొంతు తగ్గించి, "బాధపడకండి సాబ్," అన్నారు. "ఎంత గొప్ప వంశంలోనైనా ఒక్కోసారి ఇలా జరుగుతుంది."

వరుసలో ఉన్న పెద్దమనుషులు, వాళ్లలో మనకు తెలియనివారు ఎవరూ లేరు, ఒక్కొక్కరే ముందుకొచ్చి అతన్ని ఓదార్చి, తిట్లు తినడానికి మళ్లీ ఎవరి స్థానంలో వాళ్లు వెళ్లి నిలబడ్డారు.