నాలుగో తరగతి కాలిబాట

మనుషులు నడిచినంత మాత్రాన బాట పుట్టదు. పటం ఒప్పుకున్నాకే పుడుతుంది. (అంతవరకూ నడిచినవాళ్లు గాలిలో నడిచినట్టే లెక్క.)

సూరత్ నుంచి బార్డోలీ పోయే దారిలో, చెరకు తోటల పక్కన ఒక బీడు ఉంది. ఇవతల పనికోసం వచ్చిన మన తెలుగువాళ్ల అద్దె గదులు, అవతల మగ్గాల షెడ్డు, మధ్యలో గడ్డిని చీల్చుకుంటూ సన్నటి బాట. సమ్మక్క రోజూ ఆ బాటనే భర్త రాజలింగానికి అన్నం డబ్బా పట్టుకెళుతుంది. మగ్గం ఆగే కాసేపట్లోనే అతను తినాలి. రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళితే, డబ్బా చేరేసరికి మగ్గం మళ్లీ మొదలవుతుంది.

ఇంతలో బీడు యజమాని సేఠ్ చుట్టూ గోడ కట్టిస్తానన్నాడు. ఫోన్లో చూసే పటంలో బాట కనిపిస్తే అక్కడ సందు వదులుతానని మాటిచ్చాడు.

ఆ పటాన్ని ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా చెరపొచ్చు. అంత స్వేచ్ఛ ఉన్నచోట ఉపసంఘం తప్పదు. సూరత్‌లోనే పర్వత్ పాటియా పేటలో ఉండే బ్యాంకు ఉద్యోగి గురుమూర్తి గారు కాలిబాటల స్పష్టత నిర్ధారణ ఉపసంఘానికి అధ్యక్షులు. ఆదివారం టోపీ పెట్టుకుని, సభ్యులతో వచ్చి, బాటను వంగి చూశారు.

"ఇది నాలుగో తరగతమ్మా. తెలిసినవాళ్లకే కనిపించే రకం. పటంలోకి ఎక్కదు."

"గదేంది సారూ! నా కాళ్లకు మంచిగ కనవడ్తది గద!"

"కాళ్ల సాక్ష్యం చెల్లదు. పరిశీలన పెడతాం. అది ముగిసేదాకా ఎవరూ నడవకూడదు. ఆధారం చెడిపోతుంది."

"నడవకుంటే బాటెట్ల ఉంటది?"

"అది ఫలితాల్లో తేలుతుంది."

బాటకు అడ్డంగా, బీడు నడిమధ్యన రిబ్బను కట్టారు. గోడలో సందు దక్కాలని సమ్మక్క రోడ్డు మీదుగానే చుట్టూ తిరిగి వెళ్లింది. రాజలింగం ఒక కన్ను మగ్గం మీదుంచి, నిలబడే తిన్నాడు.

"నీ బాట పాసయిందా?"

"ఇంక పరీక్ష రాస్తనే ఉన్నది. జర సప్పుడు జేయక తిను."

వానలు పడ్డాయి. ప్రతి ఆదివారం ఉపసంఘం రోడ్డు మీది చాయ్ బండి నుంచి రిబ్బను దాకా నడిచి, గడ్డి ఎత్తు కొలిచి, మళ్లీ చాయ్ బండికే నడిచింది. వానాకాలం చివర తీర్పు వచ్చింది: బాట లేదు. (ఎప్పుడైనా ఉండేదనడానికి దాఖలా కూడా లేదు.)

అయితే పరిశీలనలో కొత్త బాట ఒకటి బయటపడింది. చాయ్ బండి నుంచి రిబ్బను దాకా, గడ్డిపోచ లేకుండా, నున్నగా అరిగి ఉంది. ఏకగ్రీవంగా ఒకటో తరగతి.

సేఠ్ మాట తప్పే మనిషి కాడు. గోడకు చాయ్ బండి దగ్గర సందు వదిలాడు. షెడ్డు వైపు నిండుగా కట్టించాడు.

సమ్మక్క డబ్బాతో సందులోంచి వెళ్లి, రిబ్బను దగ్గర ఆగింది. "ఇది యాడికి వోతది సారూ?"

"అది వేరే ఉపసంఘం చూడాలమ్మా" అన్నారు అక్కడే ఉన్న గురుమూర్తి గారు. "మాది స్పష్టత వరకే."

గోడ అవతల మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి.