ఒంటికాలి కవచం

శనివారం ఉదయానికి ఫణి వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. మేనేజరు డగ్‌కి ఒక సంచీ అందించడం, అటునుంచి అటే అత్తగారు సీతమ్మను గుడికి తీసుకెళ్లడం. సంచీలో ఉన్నది ఒక పాత తోలు కవచం. డగ్ ముత్తాత సైన్యంలో గుర్రాలు లాగే ఫిరంగి బండి తోలేవాడట, అప్పుడు కాలికి కట్టుకున్నది. ముత్తాత మీద అభిమానంతో డగ్ కూడా సెలవు రోజుల్లో ఒక క్లబ్బు తరఫున ప్రదర్శనల్లో అలాంటి బండే తోలుతాడు. తెగిన పట్టీ కుట్టించడానికి ఇచ్చిన దుకాణం మోరిస్‌విల్‌లో ఫణి ఇంటి పక్కనే ఉంది. "నిన్న సాయంత్రమే రెడీ అన్నారు. తీసుకుని రేపు ప్రదర్శనకి తెచ్చిపెడతావా?" అని శుక్రవారం ఫోన్ చేసి అడిగాడు డగ్.

సోమవారం టీమ్‌లో సగం మందిని తీసేస్తారని ఆఫీసంతా గుసగుసలు. ఎవరు ఉండాలో చెప్పేది డగ్. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి విమానం ఎక్కాలి. ఇన్నేళ్లుగా కోడ్ రాసి మెప్పించలేకపోయిన మనిషిని తోలు మోసైనా మెప్పించవచ్చునని ఫణికి ఆశ పుట్టింది.

శనివారం పొద్దున కాఫీ తాగుతూ, ముందురోజు దుకాణం నుంచి తెచ్చిన సంచీ తెరిచి చూశాడు. పొడవాటి తోలు, ఒక పక్కన ఇనుప రేకు, కొత్తగా కుట్టిన పట్టీ. అంతా బాగానే ఉంది, కానీ ఒకటే ఉంది.

"నీహా, రెండోది తీశావా?"

"రెండోదేంటి?" అంది భార్య నీహారిక.

"మనిషికి కాళ్లు రెండు కదా. ఇది ఒకటే ఉంది."

"దుకాణంవాడు ఒకటే ఇచ్చాడేమో. డగ్‌నే అడుగు."

"ఏమని అడగను? మీ ముత్తాతగారి జతలో ఒకటి పోగొట్టాను, సోమవారం నా సంగతి కాస్త చూడండి అనా?"

దుకాణం శనివారం తియ్యరు. కారు సీట్ల కింద వెతికాడు. రాత్రి చెత్త పారేసినప్పుడు దాంతోపాటు వెళ్లిపోయిందేమోనని అపార్ట్‌మెంట్ చెత్తడబ్బా దగ్గరికి పరుగెత్తాడు. అందులో తల పెట్టి ఉండగానే డగ్ మెసేజ్ వచ్చింది, అంతా భద్రమేనా అని. భద్రమేనని ఒక చేత్తో జవాబు కొట్టాడు.

తిరిగి వచ్చేసరికి సంచీ ఖాళీగా ఉంది. ఇప్పుడు మొదటిది కూడా లేదు.

సీతమ్మ దేవుడి ముందు కూర్చుని ఉంది. పూజ మధ్యలో ఆవిడ నోరు విప్పదు. "అత్తయ్యగారూ, ఈ సంచీలో పాత తోలుది ఒకటి..." అని ఫణి అంటూ ఉండగానే ఆవిడ చిరునవ్వుతో చెయ్యి ఊపి బయటికి చూపించింది. పారేశాను అని దాని అర్థమని ఫణి గ్రహించాడు. మళ్లీ పరుగెత్తాడు. చెత్త లారీ అప్పుడే మలుపు తిరుగుతోంది. దాని వెనక వీధి చివరిదాకా పరుగెత్తి, ఊపిరి ఆడక అక్కడే గట్టు మీద కూలబడ్డాడు.

పూజ అయ్యాక ఆవిడను నిలదీయడం ఫణి వల్ల కాలేదు. అత్తగారి మీద గొంతు పెంచే పెంపకం కాదు అతనిది. ముగ్గురూ కారెక్కారు. ఆవిడ మనసు నొచ్చుకోకుండా ఉండాలని విషయమంతా భార్యకి ఇంగ్లీషులో చెప్పాడు. నీహారిక కూడా ఇంగ్లీషులోనే, అమ్మని ఒక్క మాట అన్నా ఊరుకోనని చెప్పింది.

"ఆఫీసు మాటలా?" అంది వెనక సీట్లోంచి సీతమ్మ.

"అవునమ్మా."

"పడుకోకుండా ఆలోచిస్తున్నారు పాపం. ఏం కాదు బాబూ, నేను చూసుకున్నాను."

ఆ మాటకి ఫణి కళ్లు చెమర్చాయి. దారిలో వెనక కార్లవాళ్లు ఒకటే హారన్ కొట్టారు. ఒకడు పక్కకొచ్చి కిందికి వేలు చూపించాడు. లోకమంతా తన పతనాన్నే చూపిస్తోందనుకుని ఫణి తల వంచుకున్నాడు.

ప్రదర్శన మైదానంలో గుర్రాలు జోడు కట్టి సిద్ధంగా ఉన్నాయి. డగ్ ఎదురొచ్చాడు.

"డగ్, క్షమించు. నీ కవచాలు రెండూ పోగొట్టాను."

డగ్ అతన్ని, కారు వెనక భాగాన్ని, మళ్లీ అతన్ని చూశాడు. "రెండూనా? మరి అదేంటి?"

వెనక బంపర్ కింద, లాగుడు కొక్కేనికి ఎర్రదారంతో కట్టి, పక్కన నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి, ముత్తాతగారి కవచం దుమ్ము కొట్టుకుని వేలాడుతోంది.

"దిష్టికి బాబూ," అంది సీతమ్మ నెమ్మదిగా. "కొత్త కారు మొన్న గీరుకుపోయింది కదా. ఈ దేశంలో దిష్టి కట్టడానికి పాత చెప్పు దొరకదని నేను గొణుగుతుంటే మీరు పాత తోలుది ఒంటిది తెచ్చారు. మా అల్లుడికి ఎంత శ్రద్ధో అనుకున్నాను."

నీహారిక తలొంచుకుని అదంతా డగ్‌కి ఇంగ్లీషులో చెప్పింది. డగ్ దారం విప్పి, కవచం దులిపి, కుడికాలికి కట్టుకున్నాడు.

"రెండోది కూడా వెతికిస్తాను," అన్నాడు ఫణి.

"రెండోది ఎప్పుడూ లేదు. తోలేవాడు ఎడమ గుర్రం మీద కూర్చుంటాడు. రెండు గుర్రాల మధ్య బండి నొగ, ఆ పొడవాటి దూలం ఉంటుంది, అది కొట్టేది కుడికాలినే. ఎడమకాలికి పనేముంది?"

ఫణి ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "అయితే నీకు కోపం లేదా? సోమవారం నా గురించి..."

"సోమవారం నేను ఉండను," అన్నాడు డగ్, పట్టీ బిగిస్తూ. "నన్ను గురువారమే తీసేశారు. ఎవరు ఉండాలన్నది పైవాళ్లు ఎప్పుడో తేల్చుకున్నారు, నన్ను అడగలేదు. నీ పేరు ఎటు ఉందో నాకు తెలీదు." కాసేపు గుర్రం మెడ నిమిరి, మొహమాటంగా అన్నాడు. "మీ తెలుగువాళ్లకి అన్ని కంపెనీల్లో మనుషులు ఉంటారట కదా. ఎక్కడైనా ఓపెనింగ్ ఉంటే చెప్తావా?"

ఆ సాయంత్రం ఫణి మోరిస్‌విల్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో రెండు రెజ్యూమెలు పెట్టాడు, పెద్దవాడు కదా అని డగ్‌ది ముందు.