కోడె తోక కుచ్చు

పొద్దున్నే కోడెను కడిగి, ట్రాలీ ఆటో ఎక్కించి, ఎండ ముదరకముందే వనపర్తి పశు ప్రదర్శనకు చేరాలన్నది పాన్‌గల్ బక్కయ్య ఆలోచన. ఊళ్లో సెల్ టవరు లేచిననాటి నుంచి అది తన మాటలే వింటోందని గొంతు తగ్గించి మాట్లాడే మనిషి ఆయన.

పోయినేడు ఆయన కోడె తోక కుచ్చు పలచగా ఉందని మొదటి బహుమతి ఇటిక్యాల ఎల్లన్న కోడెకు ఇచ్చారు. "ఈపారి గెల్వకుంటె దీన్ని సంతల అమ్మేస్త" అని బక్కయ్య పదిమందిలో నోరు జారాడు. లేగగా ఉన్నప్పటి నుంచి దాన్ని బిడ్డలా సాకిన ఆయన భార్య భాగ్యమ్మకు ఆ పూట ముద్ద దిగలేదు.

వెంట్రుకలు ఒత్తుగా వస్తాయంటే బక్కయ్య పశువుల మందుల దుకాణం నుంచి ఏదో పొడి తెచ్చాడు. తెచ్చాడే కాని, దాని మీదా అనుమానమే.

"కల్తీదేమోనే! దాణల కలిపేముందు జర నోట్లేస్కొని సూడు" అని రోజూ భార్యకు చెప్పి మరీ చేనుకు పోయేవాడు.

ప్రదర్శనలో కోడె తోక నేలను ఊడుస్తుంటే బక్కయ్య మీసం దువ్వాడు. భాగ్యమ్మ తలమీద కొంగు కప్పుకొని తోక దగ్గరే నిలబడింది. ఇంతలో ఎల్లన్న కోడె వచ్చింది. దాని కుచ్చూ గుబురుగానే ఉంది. బక్కయ్యకు ఒళ్లు మండింది.

"సారూ, గది సొంత కుచ్చు గాదు! సవరం కట్టిండు. గుంజి సూడుండ్రి!"

బట్టతల పశువుల డాక్టరు గుంజాడు. కోడె తన్నబోయింది కాని వెంట్రుక ఊడలేదు.

"నాయం నాయమే గద సారూ, బక్కన్నదిగూడ గుంజుండ్రి" అన్నాడు ఎల్లన్న.

"గుంజుండ్రి! నాకేం బయం?"

భాగ్యమ్మ "వద్దు సారూ" అనేలోపే మూరెడు సవరం డాక్టరు చేతిలోకి వచ్చింది.

"ఎల్లిగా, నువ్వే కట్టినవ్!" అని బక్కయ్య ఎల్లన్న మీదికి పోయాడు.

"నేనే కట్టిన. నా సవరమే గది" అంది భాగ్యమ్మ.

"మరి నీ కొప్పు?" అన్నాడు బక్కయ్య, ఆమె కొంగు కింద ఎత్తుగా ఉన్న ముడిని చూసి.

ఆమె కొంగు తీసి కొప్పు విప్పింది. జుట్టు నడుము దాటి జారింది.

"పొడి సూడమంటివి. తియ్యగుండె. సూసుకుంట సూసుకుంట డబ్బలన్నీ నేనే తింటి. దానికేం మిగల్లే. నువ్వు యాడ అమ్ముతవోనని పానం కొట్టుకుంటుంటె ఇది కట్టిన."

బక్కయ్యకు తల కొట్టేసినట్టయింది.

"సంతకు ఎప్పుడు తోల్తవ్ బక్కన్నా?" ఎల్లన్న ఇకిలించాడు.

"దాని దాణ తిన్నది నేను. నన్నే తోల్కపొమ్మను" అంది భాగ్యమ్మ, కోడె మెడ చుట్టూ చెయ్యి వేసి.

బక్కయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఎవల్నీ అమ్మ. ఇంటికి నడువుండ్రి" అన్నాడు సిగ్గుపడుతూ. జనమంతా పడీపడీ నవ్వారు.

డాక్టరు మాత్రం నవ్వలేదు. ఆ దుకాణం ఏ వీధిలో ఉందో మెల్లగా అడిగి తెలుసుకున్నాడు.